ఒకే మూట

గుర్తులాయన ఆసుపత్రి దుప్పట్లకు మూలల్లో గుర్తు వేయడం పూర్తిచేసి ఇళ్ళ మూటలు విప్పుతున్నాడు. లాండ్రీలో ముప్పై రెండేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ, అదే స్టూలు. స్టూలుకు కాళ్ళు రెండుసార్లు మార్చారు గానీ దానిమీద కూర్చునే మనిషిని మార్చలేదు. ఆయన్ని అందరూ గుర్తులాయన అంటారు. యజమాని కూడా అసలు పేరు చెప్పమంటే హాజరుపట్టీ వెతుక్కోవాల్సిందే.

పని చూడటానికి చిన్నది. వచ్చిన ప్రతి గుడ్డకూ కాలరు లోపలో, అంచు మడతలోనో చెరగని సిరాతో ఆ ఇంటి గుర్తు వేయాలి. మూడు చుక్కలైతే ఒక ఇల్లు, గీతమీద చుక్కయితే ఇంకో ఇల్లు. ఉతికి ఆరేసిన వందల గుడ్డలు ఒకే కుప్పగా వచ్చి పడ్డప్పుడు ఎవరివి వాళ్ళకు చేర్చేది ఆ గుర్తే. ఇంటికి ఒకే గుర్తు, గుర్తుకు ఒకే మూట. ఈ నియమం తప్పితే లాండ్రీ మూసుకోవాల్సిందే.

ఇన్నేళ్ళ పనిలో ఆయనకు బట్టల్ని బట్టి మనుషుల్ని చదవడం అబ్బింది. ఏ ఇంట్లోకి పసిబిడ్డ వచ్చిందో, ఏ ఇంటాయన సిగరెట్లు మానేశానని పెళ్ళానికి అబద్ధం చెబుతున్నాడో ఆయనకు తెలుసు. తెలిసింది కడుపులో దాచుకుంటాడు కాబట్టి ఊళ్ళో కొన్ని కాపురాలు నిలబడి ఉన్నాయి. అంతటివాడికీ సొంత తండ్రి బట్టలు మాత్రం కొరుకుడు పడలేదు.

తండ్రి పోయి నెల దాటింది. నిండు వయసులో, మంచాన పడకుండా, నిద్రలోనే పోయాడు. మొన్న ఆదివారం అక్క ఆయన పెట్టె సర్దుతుంటే అడుగున యుద్ధకాలం నాటి ఖాకీ చొక్కా బయటపడింది. దాని మడతలో ఆడవాళ్ళ చేతిరుమాలు ఒకటి ఉంది. తెల్లది, నీలం అంచు, ఉల్లిపొరలా పలచబడింది. చొక్కా కాలరు లోపలా, రుమాలు మూలనా ఎర్రదారంతో కుట్టిన గుర్తు ఒకటే. రెండు నిలువు గీతలు, వాటిని కలుపుతూ ఒక అడ్డగీత.

సిరా రాకముందు లాండ్రీల్లో గుర్తులు దారంతోనే కుట్టేవారు. ఆ సంగతి తెలియని అక్క రెండింటినీ పాతబట్టల్లో పడేయబోయింది. గుర్తులాయన మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, రుమాలు జేబులో పెట్టుకున్నాడు. ఒకే గుర్తంటే ఒకే ఇల్లు.

యుద్ధంలో ఏం చేశావని చిన్నప్పుడు ఎన్నిసార్లడిగినా తండ్రిది ఒకటే జవాబు, "లారీ తోలాను." లారీలో తుపాకులుండేవా అని ఆశగా అడిగితే, "రొట్టెల పిండి ఉండేది" అనేవాడు. అక్కడితో పిల్లల ఉత్సాహం నీరుగారిపోయేది. ఆయన అమ్మను పెళ్ళి చేసుకున్నది యుద్ధం ముగిసిన ఆరేళ్ళకు. మరి అంతకుముందు ఎవరితో కాపురం చేశాడు? ఆ మనిషిని నట్టేట వదిలేసి వచ్చి, ఏమీ ఎరగనట్టు అమ్మను చేసుకున్నాడా? అమ్మ పోయి ఆరేళ్ళయింది. బతికినన్నాళ్ళూ ఆమె మోసపోయిందా లేదా అన్న ఒక్క ముక్క తేలితే చాలు. అది తేలేదాకా ఆయనకు ముద్ద దిగేలా లేదు.

పొద్దున అక్క ఫోన్ చేసింది. "పోయినాయన మీద విచారణ ఏంట్రా నీకు? సాయంత్రం ఆశ్రమం వాళ్ళొస్తారు, బట్టలన్నీ ఇచ్చేస్తున్నా. నీక్కావలసింది ముందే వచ్చి తీసుకో."

భోజనాల గంట కొట్టగానే ఆయన డబ్బా మూత కూడా తీయకుండా బయటపడ్డాడు. లాండ్రీ వెనక రెండో వీధిలో, చెప్పుల దుకాణం మీద గదిలో పెద్దమ్మ ఉంటుంది. బంధుత్వమేమీ లేదు. ఆయనకంటే ముందు ఆ స్టూలు మీద కూర్చున్న మనిషి, ఆయనకు పని నేర్పిన మనిషి. ఇప్పుడు కళ్ళు దాదాపు పోయాయి. అయినా గదిలో ప్రతి గుడ్డా అంచుకు అంచు కలిసి మడతపెట్టి ఉంటుంది. పక్కింటివాళ్ళ ఉతుకు బాగాలేదని వాసన చూసి చెబుతుంది.

ఆయన మంచం పట్టెమీద కూర్చుని రుమాలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె బొటనవేలు మూలకు పాకి, గుర్తు మీద ఆగింది.

"చొక్కా కూడా తెచ్చావా?" అంది.

అంటే ఆమెకు తెలుసు. గుర్తులాయనకు ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"ఒక ఇంటి గుర్తు సంగతి ఇంకో ఇంట్లో చెప్పకూడదని నీకు నేర్పిందెవరు? నువ్వు పనిలో చేరిన రోజు మీ నాన్న నిన్ను దిగబెట్టడానికొచ్చాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. నేనూ కొత్తమనిషిని చూసినట్టే చూశా."

"ఎవరావిడ? నాన్న ఆవిడతో కాపురం చేశాడా?"

"కాపురమా? పాపం, వాళ్ళిద్దరూ ఒక గదిలో కూర్చుని కూడా ఎరగరు."

తర్వాత ఆమె తీరిగ్గా, మూట విప్పినట్టు చెప్పింది. ఆ అమ్మాయి టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేది. మొగుడు యుద్ధానికెళ్ళి రెండేళ్ళు దాటింది, ఉన్నాడో లేడో కబురు లేదు. అద్దె గది. ఇంటావిడ గుమ్మంలోనే కాపలా. లారీ డ్రైవరుది సైన్యం గుడారాల్లో బస. మంగళవారం మంగళవారం ఇద్దరూ బట్టలు వేయడానికి వచ్చేవారు. లాండ్రీ బెంచీ మీద ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చునేవారు. చీటీ రాసే పనేముంటుంది, రెండు నిమిషాలు. వాళ్ళకు గంట పట్టేది.

"ఒకరోజు రెండు మూటలూ కలిపి ఒకటిగా కట్టి తెచ్చాడు. ఇద్దరిదీ ఒకే ఇల్లా అనడిగా. అలాగే రాసుకో అన్నాడు. ఆ పిల్ల తలెత్తలేదు గానీ నవ్వింది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నియమం కాదని తెలుసు. కుట్టేశా. ఏడాదిన్నర నడిచింది నాయనా ఆ మూట. వాళ్ళ కాపురమల్లా అదే."

"తర్వాత?"

"యుద్ధం అయిపోయింది. మొగుడు తిరిగొచ్చాడు, ఎముకల గూడులా. ఆ వారం ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. నావి వేరు చెయ్యండి అంది. బెంచీ మీద కూర్చుని తన బట్టల్లో ఎర్రదారమంతా గుండుసూదితో తనే పీకేసుకుంది. ఏడవలేదు. పొద్దుగూకేదాకా పీకింది. నెల తిరక్కుండా మొగుడితో ఊరొదిలి వెళ్ళిపోయింది. మళ్ళీ ఏ కబురూ లేదు."

"మరి ఈ రుమాలు?"

పెద్దమ్మ నవ్వింది. "ఒక్క గుడ్డయినా తారుమారు చెయ్యలేదని నీకు గొప్పలు చెప్పేదాన్ని కదా. అబద్ధం. ఇది ఆ రోజు తీగమీద ఆరుతోంది. తీసుకెళ్ళి మీ నాన్న మూటలో వేశా."

తండ్రి ఎవరినీ వదిలేసి రాలేదు, తండ్రినే వదిలేసి వెళ్ళారు. పాతికేళ్ళు నిండని తండ్రి ఖాళీ బెంచీ మీద కూర్చుని ఉన్నట్టు కనబడి జాలేసింది. కానీ అమ్మ సంగతి అలాగే మిగిలింది. ఈ రుమాలు దాచిపెట్టి ఆమెతో నలభై ఏళ్ళకు పైగా ఎలా నెట్టుకొచ్చాడు?

పెద్దమ్మ వేళ్ళు ఇంకా రుమాలు మీదే ఉన్నాయి. ఉన్నట్టుండి ఆమె నొసలు ముడిపడింది.

"నిలువు గీతలు నావే. ఈ అడ్డగీత నాది కాదు. వెనక ముడి ఉంది చూడు. నేను ముడి వెయ్యను, ఇస్త్రీకి తగులుతుందని. ఎవరో తర్వాత కుట్టారు."

మధ్యాహ్నమంతా ఆయన చేతులు పనిచేశాయి గానీ మనసు బల్లమీద లేదు. ఒక డాక్టరుగారి చొక్కాకు గుర్తు తలకిందులుగా వేసి, తనలో తనే తిట్టుకుని సరిచేశాడు.

సాయంత్రం వెళ్ళేసరికి అక్క ముందుగదిలో తండ్రి బట్టలు కుప్పలు పోసి కూర్చుంది. ఆయన నిలబడే అంతా చెప్పాడు. అక్క మొదట చిరాకుగా విన్నది, తర్వాత చేతిలోని కోటు పక్కన పెట్టింది.

"నాన్నకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు కదరా. గుండీ ఊడితే చెయ్యి చాపి నిలబడేవాడు."

ఆ మాటకు ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అక్క లేచి లోపలికెళ్ళి అమ్మ కుట్టుసామాను ఉండే బిస్కెట్ల డబ్బా తెచ్చింది. తెల్లదారం, నల్లదారం, తండ్రి ప్యాంట్లకు పనికొచ్చే ముదురు గోధుమరంగు దారం. అన్నీ సగానికి పైగా అయిపోయిన రీళ్ళే. వాటి అడుగునుంచి ఎర్రరీలు ఒకటి తీసింది.

"ఇది అమ్మ ఎందుకు కొందో నాకెప్పుడూ అర్థం కాలేదు. మనింట్లో ఎర్రగుడ్డ ఒక్కటన్నా ఉందా?"

రుమాలూ, చొక్కా కాలరూ కిటికీ వెలుతురులో పట్టి చూశారు. రెండింటిమీదా నిలువు గీతలు వెలిసి గులాబీ రంగుకు దిగాయి. అడ్డగీత మాత్రం రీలులోని దారంలాగే ఎర్రగా ఉంది.

"అమ్మకి తెలుసక్కా" అన్నాడు.

అక్క రుమాలును చొక్కా మడతలో పెట్టి, ఇచ్చేసే కుప్పకు దూరంగా జరిపింది. వాకిట్లో ఆశ్రమం వాళ్ళ బండి ఆగిన చప్పుడైతే కళ్ళు తుడుచుకుని తలుపు తీయడానికి వెళ్ళింది.

ఆయన రీలు చేతిలో పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు. దారం నిండుగా ఉంది, పైన అంటించిన చీటీ కూడా ఊడలేదు. కొస మాత్రం కత్తెరతో కోసినట్టు లేదు, పళ్ళతో కొరికి తెంపినట్టు పీచులు లేచి ఉంది.