రౌషాన్ పోసిన టీ

"పిండి ఇంకా ఎన్నాళ్ళొస్తుందో చూడు" అని హాల్లోంచి కేకేశాడు ఆంజనేయప్రసాద్. వంటింట్లో అతని భార్య కామేశ్వరి పిండి జల్లిస్తోంది. ఇరాక్ సైన్యం వచ్చి కువైట్‌ని మింగేసినా, అర్దియా పేటలోని ఆ ఫ్లాటులో ఆమె పొయ్యి మాత్రం ఒక్క పూట ఆరలేదు. ఆఫీసులు మూతపడ్డాయి. ఒంటరిగా ఉండటానికి భయపడ్డ మొగుడి స్నేహితులంతా బట్టల సంచులతో వచ్చి వీళ్ళింట్లో చేరారు. పొద్దస్తమానం రేడియో చుట్టూ కూర్చుని యుద్ధం ఎలా చెయ్యాలో తేల్చేస్తుంటారు, మధ్యమధ్యలో టీ అడుగుతుంటారు. ఇంతమంది మగవాళ్ళకి సెలవులిచ్చిన యుద్ధం తనకెందుకివ్వలేదో అనుకుని కామేశ్వరికి నవ్వొచ్చేది, ఆ వెనకే ఏడుపొచ్చేది.

అందరికీ వడ్డించి, కూతురు అమృతకి తినిపించి, ఆమె వంటింటి గడప పక్కన కూర్చునేసరికి గిన్నెలో అడుగు మిగిలేది. కాపరానికి వచ్చిన కొత్తలో ఓసారి ఆకలికి ఆగలేక మగవాళ్ళకంటే ముందు తినేసింది. "మీవాళ్ళు నీకు ఆకలి కూడా సారెలో పెట్టి పంపారే" అంది అత్తగారు సత్యనారాయణమ్మ. అందరూ నవ్వారు. ఇన్నేళ్ళయినా, కంచం ముందు కూర్చుంటే ఆ నవ్వు వినిపిస్తూనే ఉంటుంది.

ఆడవాళ్ళనీ పిల్లల్నీ బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరుస్తున్నారనీ, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి వెళ్ళొచ్చనీ కబురొచ్చింది. తుపాకుల చప్పుడుకి అమృత పక్క తడుపుతోంది. మనమూ వెళ్దామని కామేశ్వరి అడిగింది. "నెల్లో అంతా సర్దుకుంటుంది. అయినా నువ్వెళ్తే వీళ్ళందరికీ వండేదెవరు?" అన్నాడాయన. దురుసుగా అనలేదు. నీళ్ళెప్పుడొస్తాయి అని అడిగినంత మామూలుగా అన్నాడు. అందుకే ఆ మాట ఆమెకి అంత లోతుగా దిగింది.

ఆ రోజే పిండి అయిపోతే, అప్పు అడగడానికి పై అంతస్తుకి వెళ్ళింది. అక్కడ రౌషాన్ ఉంటుంది. కజక్ మనిషి. సోవియట్ దేశంలో అల్మా-అతా అనే ఊరికి వైద్యం చదువుకోడానికి వచ్చిన పాలస్తీనా కుర్రాణ్ణి పెళ్ళాడి ఇంత దూరం వచ్చింది. అంతవరకూ ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడి నవ్వుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. ఇద్దరికీ వచ్చిందల్లా కాస్త అరబీ, కాస్త ఇంగ్లీషు.

పిండి మాట పూర్తి కాకుండానే రౌషాన్ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. హాల్లో నేల మీద పొడుగ్గా గుడ్డ పరిచి ఉంది. దాని చుట్టూ సంచులతో ఒక ఈజిప్టు జంట, యజమానులు వదిలేసి పారిపోయిన ఒక సిలోన్ పనమ్మాయి. వీళ్ళెవరని కామేశ్వరి గుసగుసగా అడిగింది.

"తెలీదు. తిన్నాక అడుగుతా" అంది రౌషాన్.

వాళ్ళ మైదానాల్లో ఇంటికీ ఇంటికీ మధ్య గుర్రం మీద రోజంతా ప్రయాణమట. గుమ్మంలోకి వచ్చిన బాటసారికి ముందు తిండి పెడతారు, పేరూ ఊరూ తర్వాతట. కామేశ్వరి అలవాటు ప్రకారం తలుపు దగ్గర ఒదిగి కూర్చుంది, మళ్ళీ వడ్డించడానికి లేచింది. రౌషాన్ ఆమె భుజాలు పట్టుకుని తీసుకెళ్ళి, తలుపుకి ఎదురుగా ఉన్న చోట కూర్చోబెట్టింది. గౌరవించదగ్గ అతిథి చోటట అది. మాంసం తినదని తెలుసుకుని, పిండి రేకుల్ని మాంసం పులుసులో కాకుండా వేరే నీళ్ళలో ఉడికించి, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ వేసి తెచ్చింది. నూనెలో పొంగిన బౌర్సాకులు, మన తియ్యని బోండాల్లాంటివి, గుడ్డ నిండా పోసింది. అందరికంటే ముందు కామేశ్వరి పళ్ళెంలో పెట్టింది. వేడి వేడి బౌర్సాకు చేతిలో పట్టుకుని ఆమె అలాగే ఉండిపోయింది. తనకోసమే వండిన తిండి, వేడిగా, అందరికంటే ముందు! లోకంలో ఇలాంటి చోటు కూడా ఉందా అనుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రౌషాన్ మొగుడు ఎవరూ చెప్పకుండానే పళ్ళాలు తీసి కడగడానికి పట్టుకెళ్ళడం కూడా నోరు తెరుచుకుని చూసింది.

పాలు కలిపిన టీ చిన్న పింగాణీ గిన్నెల్లో సగానికే పోసిందావిడ. పాపం, పాలు సరిపోలేదేమో అనుకుని కామేశ్వరి చొరవగా కెటిల్ అందుకుని అందరి గిన్నెలూ అంచులదాకా నింపేసింది. మనింట్లో సగం గ్లాసిస్తే మర్యాదా? రౌషాన్ పొట్ట పట్టుకుని నవ్వింది. సగం పోస్తే ఇంకాసేపు కూర్చో, మళ్ళీ పోస్తానని అర్థమట. నిండా పోస్తే, తాగేసి బయల్దేరమనట. వెళ్ళేటప్పుడు అడిగిన పిండి కూడా ఇచ్చి పంపింది.

ఆ తర్వాత ఏదో ఒక వంకతో కామేశ్వరి రోజూ పైకి వెళ్ళేది. ఆ సగం గిన్నె ఎన్నిసార్లు నిండి, ఎన్నిసార్లు ఖాళీ అయ్యేదో. మర్నాడు పొద్దున ఇంకో బస్సు ఉందని తెలిసిన రోజు, నువ్వెళ్తే వండేదెవరన్న మొగుడి మాట రౌషాన్‌కి చెప్పేసింది.

"నువ్వేమన్నావు?"

"నన్నెవరడిగారు?"

మీరు వెళ్ళరా అని తిరిగి అడిగింది కామేశ్వరి. గుమ్మంలోకి ఇంకా మనుషులొస్తున్నారుగా అంది రౌషాన్. టీ కాచింది. కామేశ్వరి ముందు గిన్నె పెట్టి పొయ్యడం మొదలుపెట్టింది. సగం దాటింది, ఆపలేదు. అంచుదాకా వచ్చి పరిచిన గుడ్డ మీద ఒలికేదాకా పోసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. కామేశ్వరి నోరు కాలుతున్నా ఆ టీ చుక్క మిగలకుండా తాగింది. లేచేటప్పుడు రౌషాన్ ఆమె కొంగులో బౌర్సాకులు పోసి ముడేసింది.

కిందకి వచ్చేసరికి మగవాళ్ళు రేడియో చుట్టూనే ఉన్నారు. ఇంకా వంట కాలేదా అన్నాడు ఆంజనేయప్రసాద్, ఈ పిండి ఎన్నాళ్ళొస్తుందో చూడమన్నాను కదా అని కూడా అన్నాడు.

"రేపు పొద్దున్న బస్సుకి నేనూ అమృతా వెళ్తున్నామండీ. పిండి సంగతి మీరే చూసుకోండి" అంది.

రేడియో ఎవరో ఆపేశారు. కామేశ్వరి అమృతని పిలిచి, హాల్లో తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. కొంగు ముడి విప్పి, కూతురికొకటి ఇచ్చి, ఒకటి తను నోట్లో పెట్టుకుంది. ఆ ఇంట్లో మగవాళ్ళెవరూ ఇంకా తినలేదు.