ఏడు గవ్వలు

కూతురు ఇబ్తిహాల్ పడవెక్కిన ప్రతిసారీ నగాత్ గుండెల్లో రాయి పడేది. ఎర్ర సముద్రం అడుగున నేల చీలుతోందట, ఆ చప్పుడు వినడమే పిల్ల ఉద్యోగమట! చీలే నేలకు దూరంగా పోవాలి గానీ, చెవి ఆనిస్తారా ఎవరైనా?

అందుకే ఆ చప్పుడు పట్టే వినికిడి పెట్టెను నీళ్లలోకి దింపిన రోజున, ఒడ్డునే ఎవరూ చూడకుండా దాని ఇనుప కాలికి ఒక దండ కట్టింది. ఒక నీలి పూస, ఏడు తెల్ల గవ్వలు. దిష్టికి.

మూడు నెలలకు పెట్టె నుంచి తీగ మీదుగా కుసైర్ ఊరి ఒడ్డుకు వింత చప్పుళ్లు మొదలయ్యాయి. రోజూ పొద్దు వాలే అసర్ నమాజు వేళకే టక్, టక్, టక్.

"ఎల్లుండి నివేదిక ఇవ్వాలమ్మా. కొత్త చీలికని రాసి, కాదని తేలితే నన్నిక ఈ పనిలో ఉండనివ్వరు" అంది ఇబ్తిహాల్.

నగాత్ అప్పటికే బంగారం మూట కట్టేసింది. "నివేదిక తర్వాత. ముందు కెనాలో మీ మామయ్యింటికి పద!"

నీళ్లు పరీక్షించే ఆయన అడుగున నీళ్ల వేడేమీ పెరగలేదన్నాడు. చేపల సంగతి చూసే వగ్దీ, "పైకి తీసి చూస్తే పోలా?" అన్నాడు.

పిల్లను ఒంటరిగా పంపలేక నగాత్ కూడా పడవెక్కింది. సరిగ్గా అసర్ వేళకే పెట్టె పైకొచ్చింది. దాని కాలిని చుట్టుకుని ఒక ఆక్టోపస్! గవ్వల దండను లాగుతోంది, గవ్వలు ఇనుముకు కొట్టుకుంటున్నాయి. టక్, టక్.

"నగాత్ ఖాలా, ఇది భూకంపం కాదు. అద్దెకు దిగినోడు!" వగ్దీ పడీపడీ నవ్వాడు. "ఇంతకీ ఈ దండ కట్టిందెవరు?"

నగాత్ తల దించుకుంది. "నేనే. మా ఆయన జీవితమంతా తెల్ల పింగాణీ ముక్క ఎరగా చూపించే వీటిని పట్టాడు, తెలుపంటే వీటికి అంత ఆశ. ఆ సంగతి నాకే గుర్తు రాలేదు, నా బుద్ధి మండ!"

వగ్దీ దాన్ని నీళ్లలోకి వదిలాడు. "అయ్యో, అన్నంలోకి వచ్చేదిరా!" అందామె.

సాయంత్రం ఇబ్తిహాల్ రికార్డు లోంచి ఆ టక్ టక్‌లన్నీ ఏరి పారేసింది. వాటి కింద సన్నటి మూలుగొకటి మిగిలింది. ఆమె కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. "ఇదే అమ్మా! నేల చప్పుడు! అసలైనది!"

"చీలుతుంటే గంతులేంటే?"

"ఏడాదికి గోరు పెరిగినంత కూడా చీలదమ్మా!"

నగాత్ తన గోరు చూసుకుంది. మూట విప్పింది.

పెట్టెను మళ్లీ దింపే రోజున ఇబ్తిహాల్ చెయ్యి చాపింది. "ఏదీ, ఇవ్వు."

"ఏంటి?"

"పూస. గవ్వలొద్దు." అందరి ముందూ తానే దాన్ని గట్టిగా ముడివేసింది.