అక్క గదికి తలుపు

పొద్దున్నే ఆఫీసుకొచ్చి, టీ చల్లారేలోగా కంప్యూటర్‌లో రెండు తలుపులూ ఒక కిటికీ తయారుచేసి పడేయడం ఆవిడకి అలవాటు. ఇళ్ళు గీసే ఆ సాఫ్ట్‌వేర్‌లో రెడీమేడ్ తలుపులు బోలెడుంటాయి. కానీ ఆ ఊళ్ళో గదులు ఉన్నచోట ఉంటేగా! లోపలి మనిషికి మనసు విరిగితే చాలు, బెత్తెడో జానెడో పక్కకి జరుగుతాయి. ఇంటివాళ్ళు కొలతలు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. ఆవిడ ఆ ఇంటి మోడల్ తెరిచి, సందుకి సరిపడా కొత్త తలుపు కట్టి, గది గోడ ఇంటి గోడకి ఆనేలా అలైన్ చేసి సేవ్ చేస్తుంది. సాయంత్రానికి అసలు ఇల్లు సర్దుకుంటుంది. అందుకే అందరికీ ఆవిడ తలుపులావిడ.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఆవిడ పనితనం సొంత ఇంట్లోనే చెల్లడం లేదు.

మేడ మీద అక్క గది. అక్క రెండేళ్ళ కూతురు జ్వరంతో పోయి నలభై ఏడు రోజులైంది. ఆనాటి నుంచి గది రోజుకో అంగుళం చొప్పున ఇంటిని వదిలి జరిగిపోతోంది. అమ్మ కంచాన్ని పొడుగాటి చెక్క మీద పెట్టి అవతలికి తోస్తుంది. చాలాసార్లు అది ముట్టకుండానే వెనక్కి వస్తుంది.

నాలుగడుగుల ఎడం వస్తే ఆ గది ఇక ఆ ఇంటిది కాదు. లోపలి మనిషితో సహా చెరిగిపోతుంది. కిందటేడు ఊళ్ళో వడ్రంగిగారి తమ్ముడు అలాగే పోయాడు. నాలుగడుగులంటే నలభై ఎనిమిది అంగుళాలు. అంటే రేపు.

తలుపులావిడ ఇప్పటికి ఆ గదికి పంతొమ్మిది తలుపులు కట్టింది. ఎడంతోపాటు సాగే తలుపు కూడా కట్టింది. సాయంత్రం గది కాస్త వణికేది, తెల్లారేసరికి ఇంకో అంగుళం అవతల ఉండేది.

సాయంత్రం కావస్తుంటే ఫోన్ మోగింది. అమ్మ.

"ఇవాళైనా అవుతుందా?"

"చేస్తున్నానమ్మా."

"ఊరందరి తలుపులూ బిగిస్తావు. తోడబుట్టినదాని దగ్గరికొచ్చేసరికి చేస్తున్నాను, చేస్తున్నాను!"

"నన్ను చంపకమ్మా," అని ఫోన్ పెట్టేసి, కీబోర్డు మీద తలవాల్చి భోరుమంది. చేతకానిదాన్ని, అక్కని పోగొట్టుకుంటున్నాను అనుకుంది.

ఆవిడకి పని నేర్పిన పెద్దాయన పక్క కుర్చీలోంచి లేచొచ్చాడు. "ఏదీ, నా ముందు చెయ్యి."

ఆవిడ కళ్ళు తుడుచుకుని అలైన్ నొక్కింది. ఇంటి గోడ మీద ఒక క్లిక్, అక్క గది గోడ మీద ఒక క్లిక్. తెరమీద గది వణికి వెనక్కి పోయింది.

"ముందు నొక్కింది ఉన్నచోటే ఉంటుంది, రెండోది కదిలి దాని దగ్గరికొస్తుంది. అంతేనా?"

"తెలుసండీ. ఎప్పుడూ గదినే కదా కదుపుతాం."

"మీ అక్కకి కదిలే ఓపికుందా, అమ్మాయ్?"

తలుపులావిడ మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. ఇరవైసార్లూ అక్కనే రమ్మంది. ఒక్కసారి కూడా తను వెళ్ళలేదు.

ఇల్లు కదిలితే మాటలా! పైపులు తెగుతాయి, వీధి మెట్లు ఊడతాయి. అమ్మకి ఫోన్ చేసింది.

"స్టవ్ ఆపెయ్యమ్మా. ఇల్లు కదులుతుంది."

"ఎటు?"

"అక్క వైపు."

"ముందే ఏడవచ్చుగా ఆ మాట! పొయ్యి మీద గిన్నె దించనీ."

ఈసారి ముందు అక్క గోడని నొక్కింది. తర్వాత ఇల్లంతా పట్టి రెండో క్లిక్ నొక్కింది. మళ్ళీ విడిపోకుండా పక్కనున్న తాళం గుర్తు కూడా నొక్కి, సేవ్ చేసి, చెప్పులు మరిచి పరిగెత్తింది.

వీధి మెట్లు ఇంటికి దాదాపు నాలుగడుగుల దూరంలో ఒంటరిగా నిలబడున్నాయి. వంటింట్లో పైపు తెగి నీళ్ళు చిమ్ముతున్నాయి. నిలువునా తడిసిన అమ్మ చెయ్యి పట్టుకుని మేడెక్కింది. పైన ఎడం లేదు. తలుపు తోస్తే తెరుచుకుంది.

అక్క మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు. అమ్మ చీర నుంచి నీళ్ళు గదిలోకి కారుతున్నాయి. ఆ చప్పుడుకి అక్క తల తిప్పింది.

"ఏంటే ఇది, అమ్మని ఇలా తడిపేశావు?" అంది బొంగురు గొంతుతో.

లేచి, కొక్కేనికున్న తువ్వాలు తీసుకుని అమ్మ తల తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ తుడుస్తూ, నలభై ఏడు రోజుల్లో మొదటిసారి, అమ్మ భుజం మీద పడి ఏడ్చింది.