మేస్త్రీ అయిదు అంగలు

వెల్లకిలా ఈదేవాళ్లకు ఒక చిక్కుంది. పోతున్న దిక్కు కనబడదు, కనబడేదల్లా పైకప్పే. అందుకే గోడ ఇంకా అయిదు మీటర్లు ఉందనగా కొలనుకు అడ్డంగా, నెత్తిమీదుగా రంగు జెండాల తాడు కడతారు. జెండాలు కంటబడగానే లెక్క మొదలు. మేస్త్రీ కూతురి లెక్క నాలుగు బారలు. నాలుగోదానికి చెయ్యి చాచితే గోడ వేళ్లకు తగలాలి.

రోజూ సాధన చేసే సొంత కొలనులో అలాగే తగిలేది. బయట ఎక్కడికి వెళ్లినా తలకు తగిలేది. తల తగిలినా చేరినట్టే లెక్క, కాదనరు. కానీ మూరెడు ముందుండాల్సిన చెయ్యి వెనకుండిపోయి తల చేరేలోపు పక్కవాళ్ల వేళ్లు గోడను తాకేసేవి. పద్నాలుగేళ్లలో ముప్పై ఒక్క పోటీలు, ముప్పై ఒక్క బొప్పులు, ఒక్క మొదటి స్థానం లేదు.

దీనికి కారణాలు చెప్పినవాళ్లకు కొదవ లేదు. వేగం ఎక్కువై గోడే ముందుకొస్తోందన్నాడు కోచ్. ఈత సంఘం వాళ్లు పంపిన మానసిక వైద్యుడు, ఆమెకు గోడలంటే లోలోపల కోపమని తేల్చి, రోజుకో గంట గోడతో స్నేహంగా కూర్చోమన్నాడు. ఆమె నెలరోజులు కూర్చుంది. గోడకేమీ అభ్యంతరం లేకపోయింది గానీ బొప్పులు ఆగలేదు. ఒక కొలను మేనేజరైతే ఆమె వరుసలో గోడకు పరుపు కట్టిస్తానన్నాడు. తలమీద జాలితో కాదు, పలకలు పగులుతాయని.

అదే సొంత కొలనుకు బయటివాళ్లు వస్తే కథ తిరగబడేది. ఎంత పేరున్నవాళ్లయినా గోడకు మీటరు దూరంలో ఆగిపోయి, చీకట్లో స్విచ్చి వెతుక్కుంటున్నట్టు గాల్లో చెయ్యి తడుముకునేవాళ్లు. ఇదంతా మన నీళ్ల మహిమ అని కోచ్ నమ్మకం. బయట పోటీలకు ఒక బకెట్టు సొంత నీళ్లు మోసుకెళ్లి ఆమె వరుసలో పోసేవాడు.

సొంత కొలనులో పలకలు అతికేదీ, నీళ్లలో క్రిముల మందు కలిపేదీ, జెండాలు కట్టేదీ ఆమె తండ్రి. అందరూ మేస్త్రీ అంటారు. ఏ గుమ్మం దాటాలన్నా తల వంచాల్సిన మనిషి. గోడ దగ్గర నిలబడి అయిదంగలు వేసి, అయిదో అంగ పడినచోట జెండాల స్తంభం పాతాడు. అంగకో మీటరు. టేపుతో కొలవవేం అని ఎవరైనా అడిగితే, "టేపు సాగుద్ది. కాలు సాగుద్దా?" అనేవాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఇంజనీర్లు చెప్పినా వినడు. వినేది కూతురి మాట ఒక్కటే. చిన్నప్పుడు ఆ పిల్ల ఆటకి గడియారం పావుగంట వెనకుందంటే, ఏడాదిపాటు ఇంటిల్లిపాదినీ పావుగంట ముందు లేపాడు.

కూతురు బొప్పితో ఇంటికొచ్చిన ప్రతిసారీ గుడ్డలో ఐసు చుట్టి అద్దేది ఆయనే. "ఆ గోడ కట్టినవాడెవడో గాని, వాడికి తాపీ ఇచ్చినవాణ్ని అనాలి" అని తిట్టేదీ ఆయనే.

కిందటి నెల కొలను గట్టుకు కొత్త పలకలు వేయడానికి ఎవరో స్టీలు టేపు తెచ్చి గట్టుమీద పెట్టారు. ఆమె ఊరికే, చేతులు ఖాళీగా ఉండి, గోడ నుంచి జెండాల స్తంభం దాకా కొలిచింది. ఆరు మీటర్లు. మళ్లీ కొలిచింది. మూడోసారి కొలిచాక టేపు చుట్టేసి మందు డ్రమ్ము మీద కూలబడింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండిపోయింది. పద్నాలుగేళ్ల బతుకు పోయింది, ఒక మనిషి కాళ్ల పొడవు వల్ల. ఆ తర్వాత ఏడుపొచ్చింది, ఎంతకీ ఆగలేదు.

అడిగేద్దామనే ఇంటికి వెళ్లింది. తండ్రి కళ్లజోడు ముక్కుమీదికి జార్చుకుని ఆమె ఈత అద్దాల పట్టీ కుడుతున్నాడు.

"ఏమ్మా, మొహం అలా ఉందేం?"

"ఆకలేస్తోంది నాన్నా."

ఆ ముప్పై ఒక్క బొప్పులూ తన చేతి పనే అని తెలిస్తే ఆ మనిషి ఇక ఏ పనీ చెయ్యలేడు. మర్నాటి నుంచి, బయటి కొలతకు అలవాటుపడాలని, సొంత కొలనులో మూడు బారలే లెక్కపెట్టి, మిగిలిన మీటరూ దుంగలా తేలుతూ వెళ్లేది. పిల్లకు బద్ధకం పట్టుకుందని కోచ్ బెంగపెట్టుకున్నాడు.

ఆఖరి ఎంపిక పోటీ వేరే ఊళ్లో. యాభై మీటర్లు, ఒక్కటే పొడవు. మొదట వచ్చినవాళ్లకే దేశం జట్టులో చోటు. ఆమెకు ఇరవై ఆరు దాటింది. ఈసారి పోతే ఇంకేమీ లేదు. సొంత కొలను నడిపే క్లబ్బువాళ్లు ఆమెకోసం టికెట్ల కౌంటరులో కుర్చీ కూడా తుడిచిపెట్టారు.

తండ్రి బయట పోటీకి రావడం అదే మొదలు. అలవాటుకొద్దీ ఖాకీ చొక్కా వేసుకుని, నడుముకు తాళాల గుత్తి తగిలించుకుని వచ్చాడు. దాంతో ఎవరూ ఆయన్ని ఆపలేదు. భోజనాల విరామంలో ఖాళీ గట్టుమీద తిరుగుతూ, వృత్తిధర్మంగా అయిదంగలు వేసి చూశాడు. జెండాలు అయిదో అంగకు మీటరు ఇవతలే, గోడవైపు ఉన్నాయి. ఇక్కడి పనివాళ్ల పనితనానికి జాలిపడి, స్తంభాలు పెకలించి, తన లెక్క ప్రకారం నిలబెట్టి, చేతులు దులుపుకుని మెట్లమీదికెళ్లి కూర్చున్నాడు.

పోటీ మొదలైంది. ఎనిమిదిమంది వెల్లకిలా దూసుకొచ్చారు. జెండాలు దాటారు. ఒకటి, రెండు, మూడు. మేస్త్రీ కూతురు చెయ్యి చాచింది. గోడ లేదు. పక్క వరుసలో ఇంకో చెయ్యి గాల్లో తడుముతోంది. దాని పక్కన ఇంకొకటి. ఎనిమిదిమందీ పైకప్పు చూస్తూ లేని గోడను వెతుక్కుంటున్నారు. లోకంలో జెండాలు ఈ కొలతకు కట్టే మనిషి ఒక్కడే ఉన్నాడని ఆమెకు అప్పుడు తట్టింది. నాలుగో బార వేసింది. వేళ్లకు గోడ తగిలింది.

బోర్డుమీద ఆమె పేరు పైన ఉంది. జీవితంలో అంత సంతోషం ఆమె ఎరగదు. నీళ్లలో నిలబడి నెత్తి తడుముకుంది. బొప్పి లేదు. రెండు నిమిషాలు అన్నీ మర్చిపోయింది.

మూడో నిమిషంలో ఏడుగురు కోచ్‌లు టేపు పట్టుకొచ్చారు. ఆరు మీటర్లు. రిఫరీ మైకులో చెప్పాడు: పోటీ రద్దు, అరగంటలో మళ్లీ జరుగుతుంది, జెండాలు కదిపినవాళ్లెవరో తన బల్ల దగ్గరికి రావాలి.

కోచ్ ఆమె చెవిలో గొణిగాడు. "మీ నాన్న పనేగా. ఈదేవాళ్ల తాలూకు మనిషి కొలను మీద చెయ్యేస్తే నిన్ను తీసి పారేస్తారు. ఆయన నోరు మెదపకపోతే మళ్లీ ఈదొచ్చు. ఇవాళ నీ ఊపు చూశాను, నిన్ను కొట్టేవాళ్లు లేరు. వెళ్లి ఆపు."

మేస్త్రీ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. దాచాల్సిన పని చేశానని ఆయనకు తోస్తేగా. తప్పు సరిచేసినందుకు పిలిచి మెచ్చుకుంటారనుకుంటున్నాడు, మొహం వెలిగిపోతోంది. రిఫరీ ఏం చెప్పినా, ఏ టేపు చూపించినా నమ్మడు, టేపు సాగిందంటాడు. కూతురు చెబితే మాత్రం నమ్ముతాడు. నీ కొలత తప్పు నాన్నా, మొదట్నుంచీ తప్పే. ఈ ఒక్క ముక్క చెబితే ఆగిపోతాడు. ఆమె ఈదుతుంది.

బల్ల ఇంకా పది అంగలుంది. ఆమె ఒంటిమీది నీళ్లు కారుతుండగానే ఆయన దారికి అడ్డంగా వెళ్లి నిలబడింది.

"నాన్నా."

ఆయన ఆగాడు. "చెప్పమ్మా."

ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"నేల తడిగా ఉంది. చూసి నడువు" అని పక్కకు తప్పుకుంది.