ఒంటిచెయ్యోడు

దర్జీ తన కోసం కోటు కుట్టుకోవడం జన్మలో అదొక్కసారే. ఒక చెయ్యి అతికించాడు, రెండోది అతికించేలోపే కన్నుమూశాడు. ఆ కోటును అతని భార్య కొట్టు కిటికీలోని చెక్కబొమ్మకు తొడిగి అలాగే ఉంచేసింది.

ఏళ్లు గడిచాయి. సాయంత్రం దీపం వెలిగించగానే వీధిలో పడే ఆ కోటు నీడకు పిల్లలు ఒంటిచెయ్యోడని పేరు పెట్టారు. ఒకరోజు పక్కింటావిడ కూతుర్ని గదమాయిస్తూ, "నోరు మూస్తావా, ఒంటిచెయ్యోణ్ణి పిలవనా?" అనడం దర్జీ భార్య చెవిన పడింది. చీమకు కూడా హాని తలపెట్టని మనిషి! మిగిలిన గుడ్డముక్కలతో ఈ వీధి పిల్లలందరికీ బొమ్మలు కుట్టి పంచినవాడు! ఛీ, ఏం మనుషులు! అప్పటికప్పుడు కోటు విప్పి పెట్టెలో పెట్టేసింది.

వారం తిరక్కుండానే పక్కింటి పిల్ల రొప్పుతూ వచ్చింది.

"మామ్మా! ఒంటిచెయ్యోడు మా మెట్ల మీద నిలబడ్డాడు. నేను చూశా!"

కోటు పెట్టెలో పదిలంగా ఉందని ఆవిడకు తెలుసు. కానీ ఇన్నేళ్లలో ఆయన తనకు కలలోనైనా కనిపించలేదు. పిల్లను దగ్గరకు లాక్కుంది.

"నిజంగా చూశావా తల్లీ?" అంది. "బాగా చిక్కిపోయాడా?"