కోడలి గుటక

కాఫీ రుచి చూసేవాళ్లు మింగకూడదు. చెంచాతో తీసి, చప్పుడయ్యేలా జుర్రి, నోరంతా తిప్పి, పక్కనున్న స్టీలు డబ్బాలో ఉమ్మేయాలి. పూటకి ముప్ఫై కప్పులు చూసేవాళ్లు అన్నీ మింగితే గుండె దడదడలాడుతుంది. అయినా మంచి కాఫీ తగిలినప్పుడు ఎవరికీ ఉమ్మబుద్ధి కాదు. మా కోడలికి అసలు కాదు. ఏడాదిగా నా దగ్గర పని నేర్చుకుంటోంది. కప్పు బాగుంటే ఆ పిల్ల గొంతు చిన్నగా కదిలేది. చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

ఈ ఏడు మాత్రం ఆ గొంతు మీదే నా పని నడిచింది.

వానల్లో వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ నా ముక్కుని తీసుకుపోయింది. పొయ్యి మీద పాలు మాడిపోతున్నా తెలియలేదు. సబ్బు, ఉల్లిపాయ, తడిసిన మట్టి అన్నీ ఒక్కటే అయిపోయాయి. నాలుక మీద పులుపు తెలుస్తుంది, చేదు తెలుస్తుంది, అంతే. కాఫీలో అవి పావువంతు, మిగిలిన ముప్పావూ ముక్కుదే.

ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పోయాక సొసైటీలో పాడైన నల్లగింజలు ఏరే పనికి చేరాను. ఆ బల్ల దగ్గర్నుంచి రుచి చూసే బల్ల దగ్గరికి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. మార్కులు వేయాలని అక్షరాలు నేర్చుకున్నదీ అప్పుడే. చెంచా చేతిలోంచి పోతే ఇక నేనెవరిననిపించింది. అందుకని కోడలి గొంతు చూసి మార్కులు వేయడం మొదలుపెట్టాను. గుటక పడితే నూటికి ఎనభై పైన, ఉమ్మేస్తే ఎనభై లోపు. అలా మూడు పూటలు గట్టెక్కాను.

ఎనభై అంటే ఏమిటో చెప్పాలి. మా సొసైటీలో అందరూ చిన్న చిన్న తోటల వాళ్లే. బజారు పడిపోయినా ఒప్పుకున్న ధర తగ్గించని ఎస్ప్రెసో దుకాణాలకే గింజలు అమ్ముతాం. ధర కాక ఊరి పనులకని వాళ్లు అదనంగా ఇచ్చే డబ్బుతోనే రుచి చూసే ఈ గది కట్టుకున్నాం, మీట నొక్కి కాఫీ దించే మిషను కొనుక్కున్నాం. ఎనభై లోపు వచ్చిన గింజలన్నీ ఒకే కుప్పలో కలిసిపోతాయి. ఎనభై దాటితే విడిగా మూట కట్టి, దుకాణంలో ప్యాకెట్టు మీద పండించినవాళ్ల పేరు వేస్తారు.

నిదానం వదినకి ఆ పేరు కావాలి. ఆమెను అందరం నిదానం అనే అంటాం. మేం ఒక చెట్టుని రెండుసార్లు కోస్తే ఆమె ఐదుసార్లు కోస్తుంది, నిండా ఎర్రబడ్డ పళ్లు మాత్రమే. వల మంచాల మీద ఆరబోసిన గింజల్ని చంటిబిడ్డని పక్కకి తిప్పినట్టు తిప్పుతుంది. నువ్వు ఎండబెట్టేలోపు కొత్త పంట వస్తుందని ఏడిపిస్తాం. ఆ తోట మొదట మామగారి పేరున ఉండేది, తర్వాత భర్త పేరున, ఇప్పుడు కొడుకు పేరున. చాకిరీ మాత్రం మొదట్నుంచీ ఆమెదే. పోయినేడు ఆమె గింజలకి డెబ్బై తొమ్మిది వచ్చింది. మర్నాటి నుంచే కొమ్మలు కత్తిరించడం మొదలుపెట్టింది.

నాలుగో పూట బల్ల మీద ఐదు నంబర్ల కప్పులున్నాయి. ఏ నంబరు ఎవరిదో మా సొసైటీ పెద్దాయన దగ్గర కవరులో ఉంటుంది, మార్కులు పడ్డాకే విప్పుతాడు. నేర్చుకునేవాళ్ల మార్కులు రెండేళ్ల దాకా లెక్కలోకి రావు. ఒకరి కాగితం ఒకరం చూడకూడదు, కోడలు రాసినది సొరుగులోకి పోతుంది. నా కాగితమే చివరిమాట.

వేడినీళ్లు పోసి, నాలుగు నిమిషాలు ఆగి, పైన కట్టిన పొరని చెంచాతో చీల్చి, వంగి వాసన చూశాం. కోడలు చూసింది, నేను వంగాను. తర్వాత జుర్రడం. ఒకటో కప్పు కోడలు ఉమ్మేసింది. రెండోదీ ఉమ్మేసింది. మూడోదాని దగ్గర కాస్త ఆగింది. నేను గొంతు వైపే చూస్తున్నాను. ఉమ్మేసింది. నాలుగూ ఐదూ కూడా అంతే. ఈ పూట సరుకు బాగాలేదనుకుని అన్నిటికీ డెబ్బై ఐదుకీ డెబ్బై ఎనిమిదికీ మధ్య వేసి సంతకం పెట్టాను.

పెద్దాయన కాగితం చూసి కళ్లజోడు సర్దుకున్నాడు. ఒక్కటీ లేదా చెల్లెమ్మా అని అడిగితే లేదన్నాను. కవరు విప్పి చదివాడు. మూడో నంబరు నిదానం వదినది. భోజనాలయ్యాక ఐదింటినీ కుప్పలో పోయించమని గోదాములో చెప్పడానికి వెళ్లాడు. మధ్యాహ్నం ఎస్ప్రెసో దుకాణమాయన సరుకు చూసుకోవడానికి వస్తున్నాడు.

బల్ల సర్దుతూ కోడలి కాగితం సొరుగులో పెట్టబోయాను. మూడో నంబరు ఎదురుగా ఎనభై ఆరు. ఐదోదాని ఎదురుగా ఎనభై ఒకటి.

"ఎనభై ఆరు వేసినదానివి ఉమ్మేశావేంటే?" అన్నాను.

"ఉమ్మాలిగా అత్తయ్యా."

"ఎప్పుడూ లేని భక్తి ఇవాళెక్కణ్నుంచి వచ్చింది?"

"మీరు కప్పుల్ని చూడాలిగానీ నన్ను చూస్తారేంటి?"

ఇద్దరం తేలుకుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు ఆ పిల్లే నోరు విప్పింది. నెల తప్పిందట, ఇది రెండో నెలట. కాఫీ గొంతు దిగనివ్వొద్దని డాక్టరమ్మ చెప్పిందట. పోయినసారి సంతోషం పట్టలేక ఊరంతా చెప్పుకున్నాం. మూడో నెల నిండకుండానే పోయింది. తర్వాత ఎదురైన ప్రతివాళ్లకీ ఆ మాట కూడా మా నోటితోనే చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే ఈసారి నాలుగో నెల వచ్చేదాకా మొగుడికి తప్ప ఎవరికీ తెలియనివ్వకూడదనుకుందట.

"మీకు చెప్తే మీరు చెప్పరు అత్తయ్యా, మీ మొహం చెప్పేస్తుంది" అంది.

నేనూ నా సంగతి చెప్పాను. ఆ పిల్ల నమ్మలేనట్టు చూసి, పొడి డబ్బా మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. తల అడ్డంగా ఊపాను. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు మాత్రం ఇన్నాళ్లకి ఊపిరాడినట్టయింది.

కానీ గోదాములో మూటలు విప్పేవేళ దగ్గరపడుతోంది. సంతకం పడ్డ మార్కు దిద్దకూడదన్నది మా కట్టుబాటు. అలా రాసుకుందామని ఒకప్పుడు పట్టుబట్టినదాన్ని నేనే. రుచి చూసిన మనిషి ఆ పనికి తగదని తేలితే తప్ప మళ్లీ రుచి చూడటానికి బల్ల వేయరు. కోడలు ఇంకో దారి ఏదైనా ఉందేమోనని ఆలోచిస్తుండగానే నేను చెప్పులు వేసుకున్నాను.

గోదాములో హమాలీలు మూడో మూట తాడు విప్పుతున్నారు. ఖాళీ గోనె తీసుకెళ్లడానికి నిదానం వదిన పక్కనే ఉంది. ఆ మొహంలో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండుననిపించింది.

"ఆ తాడు కట్టేయండి" అన్నాను. "పెద్దాయనా, నాకు వాసన తెలియడం లేదు. జ్వరం వచ్చినప్పట్నుంచీ ఇంతే. ఊహించి మార్కులు వేశాను. ఇక ఈ పనికి నేను తగను. మళ్లీ బల్ల వేయించండి."

ఎన్ని పూటలుగా అని అడిగాడు. ఇది నాలుగోదన్నాను. మిగతా మూడు పూటల్లో ఎవరికైనా అన్యాయం జరిగిందేమో కోడలి కాగితాలు తీసి పోల్చి చూడమన్నాను. కోడలి గొంతు మాట ఎత్తలేదు. పక్కవాళ్లని చూసి వేశావా అని అడిగితే ఏం చెప్పేదాన్నో తెలియదు. ఆయన అడగలేదు.

నిదానం వదిన నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది.

"పోయినేడు డెబ్బై తొమ్మిది వేసింది కూడా ఇలాగేనా వదినా?"

"లేదు వదినా. అప్పుడు నా ముక్కు బాగానే ఉంది."

హమాలీలు కిసుక్కుమన్నారు. కాసేపటికి ఆమె కూడా నవ్వింది.

పాత మూడు పూటల్లోనూ ఎనభై పైన ఏవి, లోపు ఏవి అన్నదాంట్లో మా ఇద్దరి కాగితాలూ కలిశాయి. అది చూశాక పెద్దాయన రెండేళ్ల నియమం పక్కనపెట్టి కోడల్నే బల్ల దగ్గరికి రమ్మన్నాడు. దుకాణమాయన కూడా వచ్చి చెంచా అందుకున్నాడు. నీళ్లు పోయడం నేను తీసుకున్నాను. మూడో కప్పు దగ్గర కోడలు తడబడింది. బాగుందని తెలుసు, ఎలా బాగుందో చెప్పే మాట దొరకడం లేదు. పుల్లగా ఉంది కానీ నిమ్మకాయలా కాదంది. ఆ పులుపు నాలుక అంచునే ఆగిందా, వెనక్కి పాకిందా అని అడిగాను. అంచునే ఆగిందంది. చల్లారేకొద్దీ పెరుగుతోందా, తగ్గుతోందా? తగ్గి తీపవుతోందంది.

"అయితే కమలాపండు తొక్క. వెనకాల తేనె ఉందేమో చూడు."

మళ్లీ జుర్రి, కళ్లు మూసుకుని, "ఉంది" అంది. తర్వాత ఉమ్మేసింది. ఎనభై ఆరు. దుకాణమాయన కాగితంలో ఎనభై ఐదున్నర. ఐదో నంబరు కూడా గట్టెక్కింది.

ఆయనే మీట నొక్కి, నిదానం వదిన గింజలతో చిన్న కప్పులో ఎస్ప్రెసో దించి ఆమె చేతికిచ్చాడు. ఆమె తాగి, మొహం చిట్లించి, ఇన్నాళ్లు ఇంత కష్టపడింది ఈ చేదుకా అనడిగింది. రెండు చెంచాల చక్కెర వేయమంది. దుకాణమాయన మొహం చూడాలి. అయినా వేసిచ్చాడు. ప్యాకెట్టు మీద పేరు ఎలా రాయాలని అడిగితే, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆ ఇంటిపేరు పుట్టింటిది.

సాయంత్రం చెంచా పెద్దాయనకి అప్పగించాను. దాన్ని ఆయన కోడలికిచ్చాడు. నన్ను ఏరుడు బల్లకి పంపకుండా, ఆ పిల్లకి మాటలు అందించడానికి అక్కడే ఉండమన్నాడు.

అయితే ఒక స్టూలు తెప్పించండి, పొద్దస్తమానం ఈ గదిలో నిలబడలేకపోతున్నాం అన్నాను. ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకమ్మా అన్నాడు. మోకాళ్ల నొప్పులన్నాను. మర్నాడే స్టూలు వచ్చింది. దాన్ని కోడలి పక్కకి జరిపి, నేను నీళ్లు మరిగించడానికి వెళ్లాను.