పసుపు చీర మీద నా నురుగు

నేను ఒక కుంకుడుకాయని. ఏం, మొహం అలా చిట్లిస్తారేం? చిన్నప్పుడు తలంటు పోసేటప్పుడు కంట్లో పడి మిమ్మల్ని ఏడిపించింది నేనే, ఒప్పుకుంటున్నాను. కళ్ళు మూసుకోరా బాబూ అని మీ అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే తెరిచింది మాత్రం మీరే. ఆ కోపం కడుపులో పెట్టుకుని ఇప్పుడు నన్ను పాతకాలపు సరుకు అంటే ఊరుకోను. నాకు పూల వాసన లేదు, నీలం చుక్కలు లేవు, నా బొమ్మ టీవీలో రాదు. అందుకే నా సంగతి నేనే చెప్పుకుంటున్నాను.

సాలూరు దాటి పైకి పోతే అన్నీ కొండలే. ఆ వాలులో ఒక చెట్టు కొమ్మన, గుత్తిలో మూడోదాన్ని నేను. మాఘమాసంలో సుక్కి అనే ఆవిడ కొండమీది ఊరి నుంచి వచ్చి, చెట్టుకింద ఊడ్చి, మమ్మల్ని ఏరి బండమీద ఆరబోసింది. ఎండకి ఒళ్ళంతా ముడతలు పడ్డాను. లోపల గింజ గలగలమంటే కాయ ఎండినట్టు. సుక్కి నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, విని, అప్పుడు బుట్టలో వేసింది. పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు కూడా మనుషులు ఒకరి మాట ఒకరు అంత శ్రద్ధగా వినరు!

సంతలో నన్ను ఏరి కొన్నది పారమ్మ. బట్టలు ఉతకడం ఆమె పని. మొగుడు పోయాక ఒంటి చేత్తో పదకొండిళ్ళ బట్టలు ఉతికి నెట్టుకొస్తోంది. ఆ ఇళ్ళే ఆమెకి పొలమూ పుట్రా. ముతక బట్టలకి ఆమె కూడా కొట్లో దొరికే పొడే వాడుతుంది, అబద్ధమెందుకు ఆడాలి? పట్టుకీ ఉన్నికీ పసుపు బట్టలకీ మాత్రం నేనుండాల్సిందే. "నురగ తక్కువే గానీ బట్టని కరవదు," అంటుంది నా గురించి. నాకు ఆ మాట చాలు.

ఆ పదకొండిళ్ళలో పెద్దది సువర్చల గారిది. ఆవిడ కూతురి పెళ్ళి వచ్చింది. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. నాయనమ్మ పెళ్ళినాడు కట్టిన నూలు చీరనే మళ్ళీ పసుపు నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, ముహూర్తానికి మనవరాలికి కడతారు. ఆ నాయనమ్మ, అంటే సువర్చల గారి అత్తగారు చెల్లాయమ్మ గారు, ఎనభై దాటినా ఇంకా గట్టిగానే ఉంది. చీరని పసుపులో ముంచే పని ఎప్పుడూ పారమ్మదే. పెళ్ళికి రెండు రోజుల ముందు సాయంత్రం ముంచి, నీడన ఆరేసి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న పట్టుపంచెలు ఉతకాలని మమ్మల్ని పిడికెడు కొంగున కట్టుకుని పారమ్మ ఎప్పటిలాగే పెరటి దారిన ఆ ఇంటికి వెళ్ళింది. వెళ్ళేసరికి పెరటి అరుగు నిండా ఆడవాళ్ళు. ఆ రోజు అమ్మాయిని పెళ్ళికూతుర్ని చేస్తున్నారు. అందరూ కాళ్ళు బారజాపుకుని పారాణి పెట్టించుకుంటున్నారు. పెరటి తీగ మీద ఆ చీర వేలాడుతోంది. పచ్చగా ఉండాల్సింది ఎర్రగా, కోసిన బీట్‌రూట్ లాగా ఉంది.

"పసుపులో ఏం కలిపావే? శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే నెత్తురు రంగు చేసి పెట్టావు! రేపటి నుంచి మా గుమ్మం తొక్కకు!" అని సువర్చల గారు అరుగు మీద నుంచే విరుచుకుపడింది.

కూర్చున్నవాళ్ళు అయ్యో అయ్యో అన్నారు. ఆ వచ్చినవాళ్ళలో నలుగురివి పారమ్మ ఉతికే ఇళ్ళే. ఒకావిడ అప్పుడే, మా పట్టుచీరలు కూడా ఈమె చేతిలోనే ఉన్నాయి కదండీ అంటోంది. కొంగులో ఉన్న నన్ను పారమ్మ పిడికిట్లో బిగించింది. భయపడింది, పాపం. ఒక ఇల్లు పోతే ఎలాగో బతకొచ్చు, పేరు పోతే పదకొండూ పోతాయి.

అయినా ఏడవలేదండీ నా తల్లి! నేరుగా తీగ దగ్గరికి వెళ్ళి, చీర అంచు పట్టుకుని రెండు వేళ్ళ మధ్య నలిపింది. జిగటగా జారింది. వాసన చూసింది. పూల వాసన. వెనక్కి తిరిగి, "పెద్దమ్మగోరూ, ఓ బాల్చీడు గోరెచ్చటి నీళ్ళిప్పించండి," అంది.

"ఇంకా ఏం తగలెడతావు?" అంది సువర్చల గారు.

"ఇప్పించవే సువర్చలా. ఆ చీర నాది," అంది చెల్లాయమ్మ గారు.

నీళ్ళు వచ్చాయి. పారమ్మ మమ్మల్ని బండమీద పెట్టి రాయితో ఒక్కొక్క దెబ్బ వేసింది. నా గింజ ఎటు దొర్లిపోయిందో నాకు తెలియదు. తొక్కనై నీళ్ళలో పడ్డాను. ఆమె చేతుల్లో నలిగాను, పిసికించుకున్నాను, ఉన్నదంతా కక్కేశాను. తెల్లగా నురుగు లేచింది. అందులో చీరని ముంచింది.

ఎరుపు పోయిందండీ! ముందు నారింజ రంగుకి దిగి, ఆ తర్వాత శుభ్రంగా పసుపు పచ్చన తేలింది. రంగు కాస్త లేతబడిన మాట నిజమే. పడనీ. అరుగు మీది వాళ్ళు పారాణి ఆరలేదన్న సంగతి కూడా మర్చిపోయి లేచి వచ్చారు.

పారమ్మ అక్కడితో ఆగితే నాకు నచ్చేది కాదు. స్నానాలగది గట్టు మీదున్న బట్టల పొడి డబ్బా చూపించి, చిటికెడు ఇమ్మంది. నీళ్ళతో తడిపి చీర చెంగు మూల రుద్దింది. ఆ మూల ఎర్రబడింది. నాలో ముంచింది. మళ్ళీ పచ్చబడింది.

"నాను కలిపింది ఒట్టి పసుపేనమ్మా. ఈ పొడి తగిల్తేనే ఇలగవుద్ది. ఈ పొడి నాది కాదు," అంది.

చెల్లాయమ్మ గారు పకపకా నవ్వింది. "పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకుని కాళ్ళకి పెట్టుకు కూర్చున్నాం. పసుపు ఎందుకు ఎర్రబడిందో మనలో ఒక్కరికి తట్టలేదే!" అంది. అందరూ తమ కాళ్ళకేసి చూసుకున్నారు.

సువర్చల గారు మాత్రం ఎటూ చూడలేదు. పారమ్మని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. నా తొక్క ముక్క ఒకటి ఆ చేతికే అంటుకుని ఉంది కాబట్టి అంతా విన్నాను. పొద్దున్నే దీపం కుంది తగిలి చీర మీద నూనె పడిందట. అత్తగారు చూస్తే ఏమంటుందోనని గబగబా పొడి నీళ్ళలో నానబెట్టిందట. ఎర్రబడేసరికి హడలిపోయి, జాడించకుండానే పిండి తీగ మీద పడేసిందట. ఆ తర్వాత నోటికొచ్చిన పేరు పారమ్మది.

"ఎవరికీ చెప్పకు పారమ్మా. నీకు కొత్త చీర పెడతాను," అంది.

"సీరొద్దమ్మా," అంది పారమ్మ. "అరుగు మీద తిట్టేరు, అరుగు మీదే సెప్పండి. సాయంత్రానికి ఆ తిట్టు పదకొండిళ్ళకీ ఎల్లిపోద్ది. నిజం కూడా ఎల్లాల గదా."

పెళ్ళివారింట్లో ఇల్లాలి ముందు అంత మాట అనడం సామాన్యమా? సువర్చల గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ మీద నాకు జాలి కూడా కలిగింది. అయినా పారమ్మ గుమ్మానికి అడ్డంగానే నిలబడింది, కదల్లేదు.

చివరికి ఆవిడ అరుగు మీదికి వచ్చి ఏదో గొణిగింది.

"ఇనబడలేదమ్మా," అంది పారమ్మ.

"పొడి వేసింది నేనే! పారమ్మ తప్పేం లేదు!" అని సువర్చల గారు గట్టిగా చెప్పింది. ఎదురింటివాళ్ళకి కూడా వినిపించే ఉంటుంది. నన్ను అడిగితే అంత శుభ్రంగా ఆ ఇంట్లో ఆ రోజు ఇంకేదీ ఉతకబడలేదు.

పారమ్మ చీర జాడించి, నీడన ఆరేసి, మడత పెట్టి చెల్లాయమ్మ గారి చేతికిచ్చింది. పనిమనిషి బాల్చీ అడుగున ఉన్న మమ్మల్ని ఎత్తి పారబోయబోతే, "ఉండవే, ఇంకో వాయి నురగుంది," అని పిండి కొంగున కట్టుకుంది.

ఆ ఆఖరి నురుగుని ఇంటికి తీసుకెళ్ళి ఎవరి బట్టలకి వాడిందనుకున్నారు? తన చీరకి. పెట్టె అడుగున ఉన్న తన ఒక్క పట్టుచీరని నాతో ఉతుక్కుంది. మర్నాడు అది కట్టుకుని, పెరటి దారి వదిలేసి, వీధి గుమ్మంలోంచి పెళ్ళికి వెళ్ళింది.